కత్తెరక్క కోపం

ఆ ఏడాది కత్తెరక్క ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్లింది. ముగ్గురూ ఆమెను కంటినిండా నిద్రపొమ్మన్నారు. నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికే వెళ్లిన మనిషిని నిద్రపొమ్మని చెప్పి పంపిస్తే ఒళ్లు మండదూ? మొదటాయన టెన్షన్ అన్నాడు. రెండో ఆయన వయసు అన్నాడు. నలభై మూడేళ్లకే ఏం వయసో ఆయనకే తెలియాలి. మూడో ఆవిడైతే బీపీ పట్టీ విప్పుతూ గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అడిగింది.

"ఇంట్లో లేవు. ఇక్కడ మొదలయ్యేట్టున్నాయి" అని సంచి భుజాన వేసుకుని కత్తెరక్క లేచి వచ్చేసింది.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమె పంతొమ్మిదేళ్లుగా బట్ట కత్తిరిస్తోంది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. పొడవాటి బల్ల మీద బట్టను ఎనభై పొరలుగా పరిచి, పైన కొలతల కాగితం అంటించి, నిలువు బ్లేడున్న కరెంటు మెషిన్‌ను గీత వెంట నడిపించాలి. ఎడమచేతికి ఇనుప తీగెతో అల్లిన తొడుగు ఉంటుంది. కుడిచేతికి మాత్రం ధైర్యమే తొడుగు. ఆమె మెషిన్ పట్టుకుంటే గీతకు వెంట్రుకవాసి అటూ ఇటూ పోదు.

అలాంటి చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

చెయ్యొక్కటే అయితే ఓర్చుకునేదే. కూర్చున్నచోటనే గుండె దడదడలాడుతోంది. అందరూ చలికి ముడుచుకుంటుంటే ఈమె ఒక్కతే చెమటతో తడిసి ముద్దవుతోంది. ముగ్గురి తిండి తింటున్నా జాకెట్లు వదులైపోతున్నాయి. మెట్లెక్కితే తొడల్లో సత్తువ ఉండటం లేదు. వీటన్నిటినీ మించింది కోపం. కంచం అంచుకు మెతుకంటుకుని ఉన్నా, పక్కింటి తలుపు కిర్రుమన్నా అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నెమ్మదస్తుడు. ఇరుక్కుపోయిన జనంతో బయటి నుంచి ఓపిగ్గా మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా అదే గొంతు అలవాటైపోయింది. "కంగారుపడకు, రెండు నిమిషాలు" అన్నట్టుగానే ఉంటుంది ఏం మాట్లాడినా. ఒకరోజు అన్నం తింటూ, "నన్నెందుకు అలా గుడ్లురిమి చూస్తావ్? నేనేం చేశాను?" అన్నాడు.

"నేను మామూలుగానే చూస్తున్నాను!"

"ఇదేనా మామూలు?"

ఆమె అద్దం ముందుకు వెళ్లి నిలబడింది. కనుగుడ్లు నిజంగానే ముందుకు పొడుచుకొచ్చినట్టున్నాయి. నల్లగుడ్డు పైన తెల్లటి గీత కనిపిస్తోంది. తన మొహంలోంచి ఇంకెవరో తన మీదే గుడ్లురుముతున్నారు.

కళ్లజోడు మారిస్తే సరిపోతుందేమో అని అద్దాల దుకాణానికి వెళ్లింది. అక్కడి ముసలాయన చూపు పరీక్ష సగంలో ఆపేశాడు. తన వేలిని పైనుంచి కిందికి దించుతూ దాన్నే చూడమన్నాడు. కిందికి చూస్తున్నా ఆమె పై రెప్ప కిందికి దిగడం లేదు. "అమ్మా, మీకు కావలసింది అద్దాలు కాదు. థైరాయిడ్‌కు రక్తపరీక్ష చేయించుకోండి, ఈ వారమే" అన్నాడు. ముగ్గురు డాక్టర్లకు తట్టని మాట అద్దాలమ్మే ఆయన రెండు నిమిషాల్లో చెప్పేశాడు. దానికి సంతోషించాలో, ఆ ముగ్గురి బోర్డులూ పీకి పారెయ్యాలో ఆమెకు తెలియలేదు.

రిపోర్టు చూసిన పెద్దాసుపత్రి డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో సూటి. కత్తెరక్కను చేతులు చాచమని, వాటి మీద ఒక పలుచటి కాగితం పెట్టింది. కాగితం ఎండుటాకులా టపటపా కొట్టుకుంది.

"మీ ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి మీ గొంతులోని గ్రంథిని రెచ్చగొడుతోంది. అది రాత్రీపగలూ అతిగా పనిచేస్తోంది. గుండె, చేతులు, కళ్లు, కోపం, అన్నీ దానివల్లే."

"అంటే నా ఒళ్లే నా మీద పడిందా?"

"ఒకరకంగా అంతే."

"ఎందుకు?"

"తెలీదమ్మా. ఎందుకు మొదలవుతుందో కచ్చితంగా చెప్పలేం. ఎలా అదుపులో పెట్టాలో మాత్రం తెలుసు."

"తగ్గుతుందా?"

"మందులతో అదుపులోకి వస్తుంది. దాదాపు ఏడాదిన్నర వాడి, ఆపి చూస్తాం. కొందరికి మళ్లీ రాదు. కొందరికి వస్తుంది."

"నేను ఏ కొందరిలో?"

"చెప్పలేను. మాట ఇస్తే అబద్ధమవుతుంది."

కత్తెరక్కకు కోపం ముంచుకొచ్చింది. కానీ ఆ కోపంలోనే ఏదో స్థిమితం చిక్కింది. ఏడాదిగా తనతో సరిగ్గా మాట్లాడిన డాక్టరు ఈమే. తెలియనిది తెలియదంది.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు ఫోన్. మొగుడికంటే నాలుగేళ్లు పెద్దది. వదిన గుండె మంచిదే. నోటికే తలుపు లేదు. "ఏం కాదమ్మాయ్. మనసులో ఆశ పెట్టుకో చాలు. మా పక్కింటావిడ నవ్వుతూ నవ్వుతూనే తగ్గించేసుకుంది."

"నవ్వితే నా గుండె నిమిషానికి నూటపదహారు కొట్టుకోవడం మానుతుందా వదినా?"

"అదిగో, ఆ కోపమే వద్దంటున్నా!"

ఆశ, ఆశ! ఇక చూసిన ప్రతివాడూ అదే పాట. లిఫ్టులో ఎదురైనవాళ్లూ, మందుల దుకాణంలో పిల్లా, అందరూ ఆమె చేతిలో ఆశను దారిలో పంచే కరపత్రంలా పెట్టిపోయారు. పని అంతా రోగిది, సలహా మాత్రం వాళ్లది. కత్తెరక్క మాత్రలు వేసుకుంది. రోజూ పొద్దున్నే ఫ్యాక్టరీలో మిగిలిన పలుచటి కాగితం ముక్క చాచిన చేతి మీద పెట్టుకుని, అది ఎంత కొట్టుకుంటోందో చూసుకుంది. దాన్ని ఎవరైనా ఆశ అంటే మాత్రం కొట్టేలా ఉండేది.

చెయ్యి కుదురుకునేదాకా మెషిన్ ముట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కత్తెరక్క ఆ మాట దాచుకోలేదు. వేళ్లు తెగిపోయే పని అది. కొత్త మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పి, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించింది. ఆయన తల పంకించి, "మీ ఆరోగ్యమే ముఖ్యం అమ్మా" అని ఆమెను బొత్తాల బల్లకు మార్చాడు. అక్కడ బొత్తాల పెద్దమ్మ అని ఒకావిడ ఉంది. అరవై ఏళ్లు దాటాయి, నోరు మాత్రం ఇరవైలోనే ఆగిపోయింది. "రావే, కూర్చో. ఇక్కడ ప్రాణాలకు ఢోకా లేదు, విసుగొచ్చి చావడమే" అని స్టూలు జరిపింది.

పది రోజులు తిరక్కుండానే ఒక బడి నుంచి ఆరొందల పాంట్లు వెనక్కి వచ్చాయి. అన్నీ పొట్టివి. అవి కత్తెరక్క బల్ల దిగడానికి ముందు చివరిగా కత్తిరించినవి. మేనేజర్ ఆమెను గదికి పిలిచి ఒక కాగితం ముందుకు జరిపాడు. అప్పటికే టైపు చేయించి ఉంచాడు. అనారోగ్యం వల్ల నా చెయ్యి వణికి పొరపాటు జరిగింది, ఇకపై కటింగ్ పని అడగను, అని ఉంది అందులో.

"నేను తప్పు కత్తిరించలేదు సార్."

"చెయ్యి వణుకుతోందని మీరే చెప్పారు కదమ్మా."

"వణుకు తెలియగానే నేనే వచ్చి చెప్పాను. ఆ పాంట్లు ఒకసారి చూపించండి."

"అవి చూసి మీరు టెన్షన్ పడటం మంచిది కాదు. సంతకం పెట్టి ప్రశాంతంగా ఉండండి."

ఎంత తీయగా అన్నాడో! కత్తెరక్క పళ్లు పటపటా కొరికింది. నిజం చెప్పినందుకు ఆ నిజాన్నే తాడు పేని తన కాళ్లకు కడుతున్నాడు. గొంతు లేచింది. అరిచింది. కుట్టుమెషిన్లు ఆగిపోయి అందరూ తలలు తిప్పి చూశారు. మేనేజర్ చేతులు రెండూ పైకెత్తి, "చూశారా, పాపం, జబ్బు" అన్నాడు వాళ్లతో.

ఇంట్లో చెప్పుకుంటే మొగుడు లిఫ్టు గొంతుతో, "పోనీ పెట్టెయ్యరాదూ? నీకిప్పుడు ప్రశాంతత ముఖ్యం" అన్నాడు.

ఆమె చేతిలో ఉన్న స్టీలు గ్లాసు గోడకు తగిలి మూల దాకా దొర్లింది.

"ఇది నువ్వు కాదు," అన్నాడతను గ్లాసు ఏరుతూ. "నీ థైరాయిడ్ మాట్లాడుతోంది."

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. నొప్పి జబ్బుది, వణుకు జబ్బుది, సరే. చివరికి తన నోటి నుంచి వచ్చిన మాట కూడా తనది కాదా? ఏది అన్నా గొంతులో ఉన్న గ్రంథి అన్నట్టేనా? ఆ రోజు నుంచి ఆమె కోపానికి విలువే లేకుండా పోయింది. ఎంత న్యాయమైన మాట అన్నా జనం జాలిగా నవ్వి, "మందు వేసుకున్నావా?" అనేవాళ్లు.

మందు పనిచేసింది. మొదట గుండె నెమ్మదించింది. తర్వాత చెమటలు తగ్గాయి. నాలుగో నెలకు చేతి మీది కాగితం కదలడం మానేసింది. కానీ మందు అక్కడితో ఆగలేదు. అయిదో నెలలో కత్తెరక్కకు ఎంత పడుకున్నా నిద్ర తీరడం లేదు. చలి ఎముకల్లో కూర్చుంది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. కోపం మాయమైంది. కోపంతో పాటు మిగతావన్నీ కూడా మాయమయ్యాయి. కూర ఉప్పగా ఉన్నా తినేది, చప్పగా ఉన్నా తినేది. ఎవరేమన్నా "ఊఁ" అనేది.

ఇంట్లో అందరికీ హాయిగా ఉంది. "ఇప్పుడు చూడు, ఎంత ప్రశాంతంగా ఉన్నావో!" అని మొగుడు మురిసిపోయాడు. వదిన ఫోన్లో, "చెప్పానా, ఆశ పెట్టుకుంటే అంతే" అంది. కత్తెరక్క "ఊఁ" అంది.

మేనేజర్ ఆ కాగితం మళ్లీ తెచ్చాడు. బొత్తాల బల్ల మీద పెట్టి పెన్ను మూత కూడా తీసిచ్చాడు. కత్తెరక్క పెన్ను అందుకుంది. పెట్టేస్తే పోతుంది కదా అనిపించింది. కాసేపు తల వాల్చి పడుకోవచ్చు. తన పేరులో మొదటి అక్షరం రాసింది కూడా.

బొత్తాల పెద్దమ్మ గభాలున కాగితం లాగేసుకుంది. "ఆగండి సార్, ఈవిడకి ఒంట్లో బాగోలేదు."

"బాగానే ఉన్నారుగా? ఎంత నెమ్మదిగా ఉన్నారు!"

"అదే చెప్తున్నా. ఈ మనిషి ఎవర్నీ తిట్టి నెల దాటింది. పొద్దున నేను ఈవిడ టీ తాగేస్తే ఒక్క మాట అనలేదు. ఇది బాగుండటమా?" కత్తెరక్క వైపు తిరిగి భుజం పట్టి కుదిపింది. "ఒసేయ్, రేపే రక్తం చూపించుకో. మందు ఎక్కువైందే నీకు. మా చెల్లెలు ఇలాగే రాయిలా అయిపోయింది."

డాక్టరమ్మ రిపోర్టు చూసి పెదవి కొరుక్కుంది. "అటు నుంచి ఇటు వచ్చేశారు. గ్రంథి మరీ మందగించింది. మీరు పోయిన నెల పరీక్షకు ఎందుకు రాలేదు?"

"ప్రశాంతంగా ఉందని మానేశాను."

"మీకా?" అంది డాక్టరమ్మ. మాత్ర సగానికి తగ్గించింది.

మరో రెండు నెలల్లో కత్తెరక్క తిరిగొచ్చింది. అలాగే అనాలి. ముందు ఆకలి వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఒక సాయంత్రం మొగుడు తడి తువ్వాలు మంచం మీద పడేస్తే ఒంట్లో చిన్న వేడి రగిలింది. ఆమె ఆ వేడిని గుర్తుపట్టింది. గుండె పరిగెత్తడం లేదు, చెయ్యి వణకడం లేదు. ఉత్త కోపం, ఇంట్లో వండుకున్న అన్నంలాంటి స్వంత కోపం. తువ్వాలు అతని భుజాన వేసి, తీగ మీద ఆరెయ్యమని తిట్టి, వంటింట్లోకి వెళ్లి ఎందుకో కళ్లు తుడుచుకుంది.

రక్తపరీక్ష అన్ని అంకెలూ హద్దుల్లో ఉన్నాయంది.

సరిగ్గా ఆ వారమే ఆ పాంట్లు బొత్తాల బల్లకు వచ్చాయి. ఎలాగూ పనికిరావు, బొత్తాలైనా కోసి దాచమని గోడౌన్ నుంచి గోతాలు దింపారు. మొదటి గోతం మూతి విప్పగానే కత్తెరక్క చేతులు ఆగిపోయాయి. తన బట్ట తనకు తెలియదా?

ఒక పాంటు పరిచి టేపు పెట్టింది. నడుము సరిపోయింది. మోకాలి దగ్గర సరిపోయింది. పొడవు రెండంగుళాలు తక్కువ. ఇంకొకటి తీసింది. రెండంగుళాలు. ఇరవై తీసి ఒకదాని మీద ఒకటి పేర్చింది. అంచులన్నీ కత్తితో కోసిన సబ్బుబిళ్లలా ఒక్క తీరుగా ఉన్నాయి.

"పెద్దమ్మా, చెయ్యి వణికితే ఏమవుతుంది?"

"గీత వంకర పోతుంది."

"ఆరొందల పాంట్లూ ఒకే కొలతకి పొట్టిగా వణుకుతుందా ఎక్కడైనా?"

పెద్దమ్మ టేపు వైపూ ఆమె వైపూ చూసింది. "నడువ్" అంది.

ఇరవై పాంట్లూ చంకనేసుకుని కత్తెరక్క ముందుగా కొలతల కాగితాలు తయారుచేసే ఆయన గదికి వెళ్లింది. కంప్యూటర్ ముందు వంగి కూర్చునే సన్నటి మనిషి. పదేళ్లుగా ఇద్దరూ ఒకే చోట టీ తాగుతారు. ఆమె పాంట్లు బల్ల మీద పడేయగానే అతని మొహం పాలిపోయింది.

"పోయినేడాది కొలత," అన్నాడు అడక్కుండానే. "బడివాళ్లు ఈ ఏడాది పొడవు పెంచమన్నారు. నేను పాత కాగితమే అచ్చు తీశాను. గుర్తొచ్చిన సాయంత్రమే సార్‌కి చెప్పాను. అప్పటికే కుట్టేశారు. నోరెత్తొద్దు, నేను చూసుకుంటానన్నారు."

"ఏడు నెలలు! ఏడు నెలలు నా పక్కన నిలబడి టీ తాగావు!"

"నీకు ఒంట్లో బాగోలేదు కదక్కా... సంతకం పెట్టేస్తావనుకున్నా."

"ఒంట్లో బాగోలేనివాళ్ల మీద ఏమైనా రాసెయ్యొచ్చా? ఇప్పుడు లే. పైకి రా. ఇదే మాట అక్కడ చెప్పు. చెప్పకపోతే నీ కంప్యూటర్‌తో సహా మోసుకుపోతాను."

అతను లేచాడు. ఆమె మోసుకుపోగలదని అతనికి అనుమానం లేనట్టుంది.

ఆ రోజు ఫ్యాక్టరీ యజమానురాలు కూడా మేనేజర్ గదిలోనే ఉంది. తలుపు తోసుకుని ముగ్గురూ లోపలికి వెళ్లారు. మేనేజర్ వెంటనే నవ్వు తగిలించుకుని, "ఎందుకమ్మా ఆవేశం? మీ ఆరోగ్యానికి..." అని మొదలుపెట్టాడు.

కత్తెరక్క సంచిలోంచి రక్తపరీక్ష రిపోర్టు తీసి ఆయన ముందు పెట్టింది.

"చదవండి సార్. అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. కాబట్టి ఈ కోపం జబ్బుది కాదు, నాదే. నిన్న కూడా నాదే, ఆ రోజు నేను అరిచినప్పుడు కూడా సగానికి పైగా నాదే. ఇప్పుడు ఈ పాంట్లు కొలవండి."

ఆయన కొలవలేదు. యజమానురాలే టేపు తీసుకుంది. ఒకటి, రెండు, అయిదు పాంట్లు కొలిచి కళ్లజోడు తీసింది. కొలతల ఆయన నేల చూస్తూ, మాట తడబడుతూ, అంతా చెప్పాడు.

"ఆ కాగితం చింపేద్దాంలెండి," అన్నాడు మేనేజర్ చివరికి.

"చింపితే చాలదు. తప్పు నాది కాదని రాసివ్వండి. నా బల్ల నాకివ్వండి. మా డాక్టరమ్మ చెయ్యి చూసి సరేనన్న రోజు నుంచి."

యజమానురాలు రాసి, కింద సంతకం పెట్టింది. రెండే రెండు వాక్యాలు. మేనేజర్ క్షమాపణ చెప్పలేదు, ఉద్యోగమూ పోలేదు. ఇప్పటికీ మెట్ల మీద ఎదురైతే ఫోను చూసుకుంటూ పోతాడు. కత్తెరక్క ఇప్పటికీ ఆ వీపు వంక కసిగా చూస్తుంది. క్షమించెయ్, మనసు తేలికవుతుందని వదిన అంది. తన మనసు బరువు తనకు బాగానే ఉందంది కత్తెరక్క.

మొగుడికి ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించింది. అతను చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "సంతకం పెట్టెయ్యమన్నాను నేను," అన్నాడు. ఈసారి అది లిఫ్టు గొంతు కాదు. "బుద్ధి లేక అన్నాను. నువ్వెప్పుడు అరిచినా నాకు భయమేసేది, నీకేదో అయిపోతుందని."

"నాకూ భయమేసింది. భయమేస్తే నా పక్కన అరవాలి గానీ, నన్ను నోరు మూసుకోమంటారా?"

"నాకు అరవడం రాదే."

"నేర్పిస్తాను," అంది.

నెల తర్వాత డాక్టరమ్మ ఆమె చాచిన చేతుల మీద కాగితం పెట్టి ఒక నిమిషం చూసి సరే అంది. కత్తెరక్క ఇనుప తొడుగు వేసుకుని తన బల్ల దగ్గర నిలబడింది. ముందు పాత కాగితమా కొత్తదా అని మూడుసార్లు చూసింది. ఆ తర్వాతే మెషిన్ నడిపింది. సాయంత్రానికి తొడలు లాగేశాయి, మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. మునుపటిలా రోజుకు అయిదు బల్లలు కాదు, మూడే అయ్యాయి. దానికీ కోపమొచ్చింది. మర్నాడు కూడా మూడే. ఆ నెలాఖరుకు నాలుగు.

మందు మొదలుపెట్టి ఏడాదిన్నర తిరిగింది. మాత్రలు ఆపే రోజు వచ్చింది. కళ్లు చాలావరకు వెనక్కి తగ్గాయి గానీ ఎడమ కన్ను కాస్త విప్పారినట్టే ఉండిపోయింది. అది అలాగే ఉండొచ్చు అంది డాక్టరమ్మ. మందు ఆపాక సగం మందికి మళ్లీ రావచ్చని కూడా చెప్పింది. వస్తే వేరే దారులున్నాయట.

"సగం," అంది కత్తెరక్క పళ్ల మధ్య నుంచి. "ఏడాదిన్నర మాత్రలు మింగితే సగం!"

"ఆ మిగతా సగం కూడా ఉంది కదమ్మా."

"నాకు లెక్క వచ్చు డాక్టర్ గారూ. నేను తిట్టేది ఆ మొదటి సగాన్ని."

బయట కౌంటర్ దగ్గర తర్వాతి రక్తపరీక్షకు తేదీ రాసే అమ్మాయి, "ఆరు వారాల తర్వాత, పదకొండింటికి రండి" అంది.

"పదకొండింటికి నేను బల్ల దగ్గరుంటాను. ఏడున్నరకు రాయి."

"ఏడున్నరకి లేదండీ."

"రక్తం తీసే ఆయన ఏడింటికే వచ్చి కూర్చుని పేపర్ చదువుకుంటాడు. పద్దెనిమిది నెలలుగా చూస్తున్నాను. రాయి."

అమ్మాయి ఆమె కళ్లలోకి చూసి ఏడున్నరకు రాసింది.

"దాని తర్వాతది కూడా రాయి. మూడు నెలలకి. ఆ పైన ఆర్నెల్లకి ఒకటి."

"అంత ముందుగా ఎవరూ రాయించుకోరండీ. అప్పటికి ఎవరెక్కడ ఉంటారో."

"నేనెక్కడికి పోతాను? ఇక్కడే ఉంటాను. నువ్వు రాయమ్మా, నాకు బస్సు పోతోంది."

మూడు చీటీలూ మడిచి సంచిలో వేసుకుని, ఎదురుగా ఆగుతున్న బస్సును చెయ్యెత్తి కేకేసి ఆపి, ఎక్కేసింది.